పెద్ద పేరు, చిన్న పెట్టె

స్పీకర్ల పిచ్చి ఉన్న మిత్రుడొకాయన తన పాత స్టూడియో మానిటర్లను, అంటే రికార్డింగ్ స్టూడియోల్లో వాడే పెద్ద స్పీకర్లను, అమ్మేశాడు. అవి చెడిపోలేదు, ఇంట్లో చోటూ కరువు కాలేదు. సెలవులకు వచ్చిన మేనల్లుడు వాటి ముఖాన ఉన్న పేరు చదివి, "మామయ్యా, మేం స్నానాల గదిలో తగిలించుకునేది కూడా ఈ కంపెనీదే" అన్నాడట. కుర్రవాడి మాటలో వెటకారం లేదు, పైగా మెచ్చుకోలు ఉంది. మా మిత్రుణ్ణి ఎక్కువ బాధపెట్టింది ఆ మెచ్చుకోలే. ఇద్దరు పట్టుకుంటే గానీ కదలని పెట్టెకూ, అరచేతిలో ఇమిడే రబ్బరు డబ్బాకూ ఒకే ఇంటిపేరు. "నేను దాచుకున్న పేరును వాళ్లు సంతలో కుప్పపోసి అమ్ముతున్నారు" అని ఫోనులో వాపోయాడు.

ధ్వని మారలేదు కదా అన్నాను. "మారింది" అన్నాడు. ఆ జవాబు వింటే చాలామంది నవ్వుతారు. నేను నవ్వలేదు. ఎందుకో కొంత దూరం పోయాక చెబుతాను.

ఈ విషయం మీద స్పీకర్ల పిచ్చి ఉన్న మన వర్గంలో రెండు వాదాలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. చవక సరుకు పేరును పలచన చేస్తుందని ఒకరు. చవక సరుకు లాభాలతోనే పై తరగతి పరిశోధన నడుస్తోంది కాబట్టి గొణగకుండా సంతోషించమని మరొకరు. ఇద్దరూ ధర దగ్గరే ఆగిపోతారు. నాకు చాలాకాలంగా అనిపిస్తున్నది వేరు. స్పీకర్ల కంపెనీకి పెద్ద పేరు నిలవాలంటే, ఆ పేరుతో ఎప్పుడో అమ్మిన వస్తువుకు ఇవాళ కూడా బాధ్యత తీసుకునే పనివాళ్లు ఆ పేరు కిందే ఉండాలి. వాళ్లున్నంతకాలం కింది అరలో ఎన్ని డబ్బాలు అమ్ముకున్నా పెద్దగా నష్టం లేదు. వాళ్లు వెళ్లిపోయిన తర్వాత ఒక్క డబ్బా కూడా అమ్మకపోయినా ఆ పేరు మిగలదు.

ఒకే మనిషి పేరు మీద రెండు కంపెనీలు

ఈ మాట పరీక్షించడానికి చరిత్ర మనకు అనుకోకుండా ఒక చక్కటి అవకాశం ఇచ్చింది. స్పీకర్లు చేసే జేమ్స్ బి. లాన్సింగ్ సంస్థను 1941లో ఆల్టెక్ అనే కంపెనీ కొన్నది, ఆల్టెక్ లాన్సింగ్ పుట్టింది. ఐదేళ్లు అక్కడ పనిచేసి, 1946లో బయటికి వచ్చి ఆయన పెట్టుకున్నది ఇప్పటి జేబీఎల్. మరో మూడేళ్లకే, 1949లో ఆయన పోయాడు. ఆయన లేకపోయినా ఆయన పేరుతో రెండు కంపెనీలు మిగిలాయి.

మొదట్లో బరువంతా ఆల్టెక్ వైపే ఉండేది. 1945 నాటి వాయిస్ ఆఫ్ ది థియేటర్ స్పీకర్ల వరుస సినిమా హాళ్లలో తెర వెనక చేరింది. ఆ కంపెనీ 604 స్పీకర్ స్టూడియోల్లో కొలబద్ద లాంటిది. జేబీఎల్ 1970 ప్రాంతంలో తన 4310 మానిటర్‌ను ఎల్100 పేరుతో ఇళ్లకు పంపి పెద్ద ఎత్తున అమ్ముకుంది. అప్పట్లో కూడా "స్టూడియో సరుకును డ్రాయింగ్ రూములకు దించేశారు" అని మూతి ముడిచిన వాళ్లు ఉండే ఉంటారు. ఇవాళ ఆ ఎల్100 జతను ఎవరైనా అమ్ముతున్నారంటే ఆ మూతి ముడిచినవాళ్ల మనవలే పరుగెత్తుకుని వెళతారు.

1990లకు వచ్చేసరికి రెండు పేర్లూ కంప్యూటర్ల పక్కన కూర్చున్నాయి. ఆల్టెక్ లాన్సింగ్ అంటే కంప్యూటర్ స్పీకర్లే అన్నంతగా అవి అమ్ముడయ్యాయి. జేబీఎల్ పేరున్న చిన్న స్పీకర్లు కాంపాక్ కంప్యూటర్లతో పాటు వచ్చేవి, ఆ తర్వాత జెల్లీ చేప ఆకారంలో క్రీచర్ అనే సెట్ కూడా వచ్చింది. ప్లాస్టిక్‌కు ప్లాస్టిక్, చవకకు చవక. నిజం చెప్పాలంటే ఆల్టెక్ చిన్న స్పీకర్లు తమ తరగతిలో చెడ్డవేమీ కావు. వాటితో పాటలు విన్నాను, ఆ పరిమాణానికి బాగానే పాడేవి.

రెండు కంపెనీలూ చేసిన పని ఒకటే అయినా ఫలితాలు ఎంత దూరం వెళ్లాయో చూడండి. ఆల్టెక్‌లో పెద్ద హార్న్‌లు, ధ్వని పుట్టించే థియేటర్ డ్రైవర్లు చేసే ఓక్లహోమా సిటీ కర్మాగారం 1990ల చివరికి మూతపడింది. 2005లో ఆ పేరును హెడ్‌సెట్లు చేసే ప్లాంట్రానిక్స్ కొన్నది, తర్వాత అది ఇంకా చేతులు మారింది. జేబీఎల్ మాత్రం సినిమా హాళ్లను వదల్లేదు, ఎవరెస్ట్, కే2 వంటి పర్వతాల పేర్లున్న పెద్ద స్పీకర్లను వదల్లేదు. 2018లో ఎల్100ను క్లాసిక్ పేరుతో మళ్లీ తెచ్చింది కూడా. ఈ మధ్యకాలంలో ఆ కంపెనీ ఫ్లిప్, చార్జ్, గో అంటూ అమ్మిన బ్లూటూత్ డబ్బాలకు అంతు లేదు. చవక సరుకే పేరును చంపుతుందన్నది నిజమైతే ముందు పోవలసింది జేబీఎల్. పోయింది ఆల్టెక్.

దీనికి జతగా ఇంకో ఉదాహరణ ఉంది, నాకు ఇదింకా ఇష్టం. అకౌస్టిక్ రీసర్చ్ (ఏఆర్) అనే స్పీకర్ల కంపెనీ సంగతి అది. 1954లో ఎడ్గర్ విల్చర్, హెన్రీ క్లాస్ కలిసి మొదలుపెట్టారు. మూసిన పెట్టెలోని గాలినే బాస్ పలికే ఊఫర్‌కు స్ప్రింగుగా వాడుకుని చిన్న పెట్టెలోంచి లోతైన బాస్ రాబట్టారు. వేదిక మీద వాద్యబృందం వాయిస్తూ వాయిస్తూ ఆగిపోతే, రికార్డింగ్ అందుకున్న క్షణాన్ని శ్రోతలు పట్టుకోలేకపోయిన ప్రదర్శనలు వాళ్లవే. న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో వినే గది పెట్టి, రైలు కోసం ఎదురుచూసే వాళ్లెవరైనా వచ్చి వినొచ్చు అన్నారు. ఇది కులీనుల వ్యాపార పద్ధతి అని ఎవరూ అనలేరు. ఆ కంపెనీ పేరు పెద్దదైందే అందరికీ అమ్మి. వాళ్ల ఏఆర్-3 స్పీకర్ చివరికి స్మిత్‌సోనియన్ మ్యూజియానికి చేరింది.

ఆ పేరు 1967లో టెలిడైన్‌కు వెళ్లి, చేతులు మారుతూ చివరికి ఆడియోవాక్స్ అనే కంపెనీ దగ్గర తేలింది. అప్పటికది కేబుళ్ల మీదా, వైర్‌లెస్ స్పీకర్ల మీదా అచ్చేసే పేరు. అదే ఆడియోవాక్స్ 2011లో క్లిప్ష్ అనే స్పీకర్ల కంపెనీని కూడా కొన్నది. క్లిప్ష్ దగ్గర కూడా అప్పటికే కంప్యూటర్ స్పీకర్లు, ఇయర్‌ఫోన్లు బోలెడున్నాయి. కానీ అర్కన్సా రాష్ట్రంలోని హోప్ అనే చిన్న ఊళ్లో 1946 నుంచి ఆగకుండా తయారవుతున్న క్లిప్ష్‌హార్న్ అనే పెద్ద స్పీకర్ ఇప్పటికీ తయారవుతోంది. యజమాని ఒకడే, రెండూ పాత అమెరికన్ పేర్లే, రెంటి మీదా చవక సరుకు ఉంది. ఒకదాని వెనక పనిశాల మిగిలింది, ఇంకోదాని వెనక ట్రేడ్‌మార్క్ కాగితం మిగిలింది.

కళ్లతో వినేవాళ్లం

ఇప్పుడు మా మిత్రుడి "మారింది" దగ్గరికి వస్తాను.

1994లో, జేబీఎల్‌కు యజమాని అయిన హార్మన్ కంపెనీ పరిశోధకులు ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ ఒక పరీక్ష ఫలితాలు బయటపెట్టారు. విన్నది 40 మంది, అందరూ ఆ కంపెనీ ఉద్యోగులే. పరీక్షకు పెట్టిన నాలుగు స్పీకర్లలో మూడు పెద్దవి, ఖరీదైనవి. నాలుగోది చిన్న చిన్న పెట్టెలకు సబ్‌ఊఫర్ జతచేసిన చవక సెట్. తెర వెనక పెట్టి వినిపిస్తే ఒక తీరుగా మార్కులు పడ్డాయి. తెర తీసేశాక మొగ్గు పెద్దవాటి వైపు పెరిగింది, చిన్నదానికి మార్కులు పడిపోయాయి. అంతకన్నా విచిత్రం, స్పీకర్‌ను గదిలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చినప్పుడు తెర వెనక స్పష్టంగా పట్టుకున్న తేడాలను, కళ్లతో చూస్తున్నప్పుడు దాదాపుగా పట్టించుకోలేదు. కళ్లు ముందే తీర్పు చెప్పేశాయి.

కాబట్టి మేనల్లుడి మాట తర్వాత తన స్పీకర్లు మునుపటిలా వినిపించడం లేదని మా మిత్రుడు అంటే నేను నమ్ముతాను. గదిలోని గాలి కదలికలో మార్పు లేదు, ఆయన వినికిడిలో ఉంది. పేరు ఇచ్చే ఆనందం వినే ఆనందంలో కలిసిపోయి ఉంటుంది, దాన్ని విడదీసి పారెయ్యడం ఎవరి తరమూ కాదు. "నువ్వు కొన్నది ధ్వనినే అయితే నీకు నష్టమేమిటి" అని గద్దించే వాళ్లు తమ స్పీకర్ల పేరుపలకను ఒక ఏడాదిపాటు నల్ల కాగితంతో కప్పేసి వినమనండి.

ఇది నా వాదానికి ఇబ్బందే. పేరు పలచనైతే వినేవాడికి నష్టం నిజంగా ఉన్నప్పుడు, చవక సరుకు వల్ల హాని లేదని ఎలా అంటాను? జవాబు కోసం నేను జపాన్ వైపు చూస్తాను. అక్కడి జాజ్ కాఫీ దుకాణాల్లో పాత జేబీఎల్, ఆల్టెక్, టానోయ్ పెట్టెలను దాదాపు పూజిస్తారు. జనం మాట్లాడకుండా కూర్చుని వింటారు. బ్లూటూత్ డబ్బాలు ఆ దేశంలోనూ అమ్ముతారు. అయినా ఆ పెద్ద పెట్టెల పరువు తగ్గలేదు. ఎందుకంటే అవి వాళ్ల కళ్లెదుట ఇప్పటికీ మోగుతున్నాయి. చిన్న డబ్బా కొన్న కుర్రవాడు సాయంత్రం ఆ దుకాణంలోకి అడుగుపెడితే ఆ పేరుకు ఇంకో అర్థం కూడా ఉందని చెవులకే తెలుస్తుంది. చిక్కల్లా పై వస్తువు కనబడకుండా పోయిన చోట వస్తుంది. మా మిత్రుడి మేనల్లుడికి పెద్ద స్పీకర్లు వినిపించారా అని అడిగాను. "లేదు, ఆ మాట విన్నాక ఆన్ చెయ్యబుద్ధి కాలేదు" అన్నాడు!

చిన్న పెట్టెలోకి ఏమి దిగుతుంది

కంపెనీల ప్రకటనల్లో నాకు ఒళ్లుమండే వాక్యం ఒకటుంది: మా మహా స్పీకర్ల ధ్వని ఇప్పుడు మీ చేతిలో. అది కుదరని పని. బాస్ లోతుగా రావాలి, పెట్టె చిన్నదిగా ఉండాలి, కొద్ది శక్తితోనే గట్టిగా మోగాలి. ఈ మూడింటిలో రెండు మాత్రమే దొరుకుతాయని హాఫ్‌మన్ ఎప్పుడో తేల్చాడు. కేఎల్‌హెచ్ కంపెనీ పేరులోని హెచ్ ఆయనే. చేతిలో ఇమిడే స్పీకర్‌లో జరిగేది ఇది. తక్కువ శబ్దంలో ఉన్నప్పుడు లోపలి ప్రాసెసర్ బాస్‌ను బలవంతంగా పెంచుతుంది, పక్కలనున్న పాసివ్ రేడియేటర్లు అనే, సొంతంగా కరెంటు అందని పొరలు దానికి తోడు ఊగుతాయి. వాల్యూమ్ పెంచేకొద్దీ చిన్న కోన్ చిరిగిపోకుండా ప్రాసెసర్ అదే బాస్‌ను నెమ్మదిగా వెనక్కి లాగేస్తుంది. సగం వాల్యూమ్‌లో ఒకసారి, పూర్తి వాల్యూమ్‌లో ఒకసారి మీరే విని చూడండి. తెలివైన పనే, అందులో తప్పు పట్టడానికి లేదు. కాకపోతే దాన్ని పెద్ద స్పీకర్ వారసత్వం అనడం మాత్రం హాస్యం.

ధ్వని దిగకపోయినా విద్య దిగుతుంది, కొన్నిసార్లు పైకి కూడా ఎక్కుతుంది. కెఫ్ అనే స్పీకర్ల కంపెనీ సంగతి చూడండి. సన్నని స్వరాలు పలికే ట్వీటర్‌ను ఊఫర్ నడిబొడ్డున కూర్చోబెట్టే యూని-క్యూ 1988లో వచ్చింది. చిన్నదైనా బలమైన నియోడైమియం అయస్కాంతాలు దొరకడం వల్లే అది సాధ్యమైంది. అప్పటి నుంచి ఆ కంపెనీ అల్మారా స్పీకర్ మొదలు బ్లేడ్ అనే అతి ఖరీదైన స్పీకర్ దాకా ఆ డ్రైవర్ కుటుంబమే కనబడుతుంది. ట్వీటర్ వెనక్కి పంపే తరంగాన్ని మింగేసే చిక్కుదారుల బిళ్ల ఒకటి 2020లో ఎల్ఎస్50 మెటాలో ముందు వచ్చింది. బ్లేడ్‌కూ రిఫరెన్స్ వరుసకూ ఆ తర్వాతే, 2021లో, చేరింది. ఇల్లంతా అమ్మేసినా కొనలేని స్పీకర్ కన్నా ముందు, మామూలు మనిషి కొనగల చిన్న స్పీకర్‌కు కొత్త విద్య అందిందన్నమాట. అందువల్ల బ్లేడ్ కొన్నవాడి పరువేమీ పోలేదు. చిన్నదాన్నీ పెద్దదాన్నీ రూపొందించింది ఒకే జట్టు ఇంజనీర్లని అతనికి తెలుసు.

పేరు అద్దెకివ్వడం దీనికి పూర్తిగా వేరు. బ్యాంగ్ అండ్ ఒలుఫ్‌సెన్ పేరు 2015 నుంచి కొన్నేళ్లపాటు హెచ్‌పీ ల్యాప్‌టాప్‌ల మీద కనబడింది. డెన్మార్క్ ఇంజనీర్లు ఆ చిన్న స్పీకర్లను సర్దుబాటు చేసే ఉంటారు, ఆ మేరకు మెరుగే కూడా కావచ్చు. కానీ అది గరగరలాడితే కొన్నవాడు ఫోను చేసేది ల్యాప్‌టాప్ కంపెనీకి. స్పీకర్ల కంపెనీ పేరు ఉంటుంది, ఆ కంపెనీ మనిషి ఉండడు. కార్లలో పరిస్థితి కొంత నయం. బర్మెస్టర్, నైమ్, మార్క్ లెవిన్సన్, బవర్స్ అండ్ విల్కిన్స్ ఏదో ఒక కారులో ఉన్నవే. కారులో వినేవాడు ఎక్కడ కూర్చుంటాడో ముందే తెలుసు, లోపలి కొలతలు మారవు. ఇంట్లో ఎప్పటికీ దొరకని సౌకర్యం అది, నిజమైన పనికి చోటుంది. అయినా పదిహేనేళ్ల తర్వాత ఆ కారు స్పీకర్‌కు విడిభాగం కావాలంటే ఎవరి తలుపు తట్టాలి?

ఆయుష్షు

నేను నిజంగా భయపడేది ఇక్కడే. మామూలు స్పీకర్‌కు వెనక రెండు టెర్మినళ్లుంటాయి, ఎర్రది, నల్లది. 1979లో వచ్చిన బవర్స్ అండ్ విల్కిన్స్ 801ను, ఒకప్పుడు ఆబీ రోడ్ స్టూడియోలో నిలబడిన మనిషి తలలాంటి పై భాగం ఉన్న ఆ పెట్టెను, ఇవాళ కొన్న ఆంప్లిఫయర్‌కు తగిలిస్తే పాడుతుంది. ఊఫర్ అంచున ఉండే ఫోమ్ ఏళ్లు గడిస్తే పొడిపొడి అయిపోతుంది నిజమే, కొత్తది అతికించే పనివాళ్లున్నారు. బాస్‌నూ సన్నని స్వరాలనూ వేరుచేసి పంపే క్రాసోవర్‌లో కెపాసిటర్లు ఎండిపోతే మార్చుకోవచ్చు. పెద్ద స్పీకర్ల పేరుకు విలువ తెచ్చినవాటిలో సగం ఈ దీర్ఘాయుష్షే. తండ్రి విన్నది కొడుకు వినగలగడం.

అదే కంపెనీ 2007లో జెప్లిన్ తెచ్చింది. ఐపాడ్ గుచ్చుకుని వినే సొగసైన స్పీకర్. బాగా పాడింది, బాగా అమ్ముడైంది. 2012లో ఆపిల్ తన కనెక్టర్ ఆకారం మార్చేసింది. అంతే, లోపలి డ్రైవర్లు నిక్షేపంగా ఉండగానే ఆ స్పీకర్ ముక్కు పాతబడిపోయింది. ఇందులో స్పీకర్ కంపెనీ చేసిన తప్పేమీ లేదు. కానీ ముప్పై ఏళ్ల వస్తువులు చేసే పేరు ఐదేళ్ల వస్తువుల ప్రపంచంలో అడుగుపెట్టినప్పుడు దాని ఆయుష్షు ఇంకొకరి చేతిలోకి పోతుంది.

యాప్‌తో నడిచే వైర్‌లెస్ స్పీకర్లు అమ్మే సోనోస్ పెద్ద తరగతి కంపెనీ కాకపోయినా ఈ విషయంలో పాఠంలా ఉపయోగపడుతుంది. 2020 మొదట్లో, పాత పెట్టెలకు ఇకపై అప్‌డేట్లు రావని ప్రకటించి, గగ్గోలు పుట్టాక సర్దుకుంది. 2024లో తెచ్చిన కొత్త యాప్ అంతకన్నా పెద్ద గొడవై, 2025 జనవరిలో కంపెనీ అధిపతి పదవి వదిలేదాకా వెళ్లింది. ఒక్క ట్వీటర్ కాలిపోలేదు, ఒక్క కోన్ చిరగలేదు. అయినా జనం మోసపోయామనుకున్నారు.

ఈ జబ్బు పై అంతస్తులకు ఎక్కుతోంది. చవక సరుకు పైవాటిని చెడగొడుతోందని ఎవరైనా అంటే నేను ఒప్పుకునే అర్థం ఇదొక్కటే. ఆంప్లిఫయర్, స్ట్రీమింగ్, యాప్ అన్నీ లోపలే ఉన్న పెద్ద స్పీకర్లు ఏటా పెరుగుతున్నాయి. వింటే బాగుంటాయి, తీగల గొడవ ఉండదు, ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు. కానీ లోపలి బోర్డు పోయిన రోజున వాటిది కూడా స్నానాల గది డబ్బా గతే. ఈ చిక్కు చూసి దారి వెతికిన వాళ్లూ లేకపోలేదు. ల్యాప్‌టాప్‌ల విషయంలో పైన కాస్త విసుక్కున్నాను గానీ, బ్యాంగ్ అండ్ ఒలుఫ్‌సెన్ 2021 నాటి బియోసౌండ్ లెవెల్‌లో బ్యాటరీనీ, స్ట్రీమింగ్ భాగాన్నీ విడిగా మార్చుకునేలా కట్టింది. అంతకు ముందు ఏడాది 1970ల నాటి తమ రికార్డు ప్లేయర్లను వెనక్కి తెప్పించి, విడదీసి, బాగుచేసి, 95 మాత్రం మళ్లీ అమ్మింది. ఆ రెండో పని డబ్బున్నవాళ్ల ముచ్చటే, సందేహం లేదు. అయినా యాభై ఏళ్ల కిందటి తమ యంత్రాన్ని విప్పి బిగించగల చేతులు ఆ కంపెనీలో ఉన్నాయని చూపించింది.

నా వాదానికి తగిలే దెబ్బలు

ఒకటి, చవక జోలికి అసలు పోని కంపెనీలు. విల్సన్ ఆడియో లాంటివాళ్లు కింది అరే పెట్టుకోలేదు, పేరు చెక్కుచెదరలేదు. మరి ఇదే సురక్షితమైన దారి కాదా? ఆ దారి బాగున్నది బతికినవాళ్లకు మాత్రమే. 1980ల్లో పలచటి లోహపు రేకులతో మోగే రిబ్బన్ స్పీకర్లతో అందరినీ నోరు తెరిపించిన అపోజీ కూడా ఇలాగే పవిత్రంగా ఉండేది, తర్వాత మూతపడింది. ఆ రిబ్బన్లు బాగుచేసుకోవడానికి యజమానులు బయటి పనివాళ్లను వెతుక్కున్నారు. పేరు మచ్చలేకుండానే మిగిలింది. వస్తువు అనాథ అయింది.

రెండో దెబ్బ గట్టిది. ఇన్ఫినిటీ అనే పేరు ఉండేది. ఆర్నీ న్యూడెల్ 1968లో మొదలుపెట్టిన వాళ్లలో ఒకడు. మనిషి ఎత్తును మించిన స్తంభాలతో వాళ్లు చేసిన ఐఆర్ఎస్ ఒకప్పుడు ఈ రంగానికి శిఖరం. ఆ కంపెనీ 1980ల్లో హార్మన్ చేతికి వచ్చింది. హార్మన్ దగ్గర ఇంజనీర్లకు కొరత లేదు, ప్రతిధ్వని లేని కొలత గదులకు కొరత లేదు. అయినా ఇన్ఫినిటీ ఇవాళ ఎక్కువమందికి కారు స్పీకర్ల పేరే. పనిశాల ఉన్నా పేరు ఎందుకు పోయింది? నాకు కనబడే కారణం ఏమిటంటే, ఇళ్లలో పెట్టుకునే ఖరీదైన స్పీకర్ల కోసం హార్మన్ 1996లో రెవెల్ అనే కొత్త పేరు పుట్టించింది, మంచి పనివాళ్లను దాని కింద పెట్టింది. విద్య కంపెనీలోనే ఉన్నా, పాత పేరు కిందికి రాలేదు. అందుకే నేను మొదట్లో "ఆ పేరు కిందే" అన్నాను. యజమాని దగ్గర ఎంత విద్య ఉంటే ఏమి లాభం, ఒక పేరుకు పైమెట్టు తీసేస్తే కింది మెట్టే ఆ పేరుకు నిర్వచనమవుతుంది.

చేతులు మారుతున్న కాలం

2024 నవంబరులో బోస్ కంపెనీ ఆంప్లిఫయర్లు చేసే మెకింటాష్‌నూ, స్పీకర్లు చేసే సోనస్ ఫాబెర్‌నూ కొన్నప్పుడు మన వర్గంలో శోకాలు వినిపించాయి. జనం సరుకు చేసేవాడు కులీనుల ఇల్లు కొన్నాడని. నాకు అంత దుఃఖం కలగలేదు. బోస్ తన పేరును వాటి మీద రుద్దనంతవరకూ, ఆ రెండింటి పనిశాలలు నడుస్తున్నంతవరకూ కొన్నవాడికి ఇబ్బంది రాదు. పైగా విశాలమైన జేబున్న యజమాని విడిభాగాల గిడ్డంగిని భరించగలడు.

బవర్స్ అండ్ విల్కిన్స్ ప్రయాణం ఇంకా విచిత్రం. 1966లో ఇంగ్లండ్‌లోని వర్దింగ్‌లో పుట్టింది. 2016లో ఈవా ఆటోమేషన్ అనే చిన్న సిలికాన్ వ్యాలీ సంస్థ కొన్నది. 2020లో, పలు ఆడియో పేర్లున్న సౌండ్ యునైటెడ్‌కు వెళ్లింది. 2022లో సౌండ్ యునైటెడ్‌నే మాసిమో అనే వైద్య పరికరాల కంపెనీ కొన్నది, రక్తంలో ఆక్సిజన్ కొలిచేవాళ్లు. 2025లో హార్మన్ 35 కోట్ల డాలర్లకు ఆ మూటంతా తీసుకుంది. హార్మన్ 2017 నుంచే శాంసంగ్‌ది. పదేళ్లలోపు ఇన్ని గుమ్మాలు ఎక్కిదిగినా ఆ పేరు పరువు పెద్దగా తగ్గలేదు. హెడ్‌ఫోన్లు, జెప్లిన్లు అమ్ముతూనే ఉంది, వర్దింగ్‌లో 800 వరుస పెట్టెలు కడుతూనే ఉంది.

ఇప్పుడు జేబీఎల్, ఇన్ఫినిటీ, రెవెల్, మార్క్ లెవిన్సన్, బవర్స్ అండ్ విల్కిన్స్, పోల్క్, డెనాన్, మరాంట్జ్ అన్నీ ఒకే కప్పు కింద ఉన్నాయి. ఇందులో ఎవరికి ముప్పు అని అడిగితే చాలామంది బవర్స్ అండ్ విల్కిన్స్ పేరు చెబుతారు, దాన్ని డబ్బాల మీద అచ్చేస్తారేమో అని. నా అనుమానం రెవెల్ మీద. కొన్ని లింకన్ కార్లలో కనబడటం తప్పిస్తే ఆ పేరు బయట ఎవరికీ తెలియదు. రబ్బరు డబ్బా లేదు, ఇయర్‌ఫోన్ లేదు, మచ్చ లేదు. కొలతల్లో దాని స్పీకర్లకు వంక పెట్టడం కష్టం. కానీ ఒకే గదికి, ఒకే రకం కొనుగోలుదారుకు హార్మన్ ఇంట్లో ఇప్పుడు రెండు పేర్లయ్యాయి, అందులో ఒకటి విమానాశ్రయాల్లో హెడ్‌ఫోన్లు కొనే వాళ్లకు కూడా తెలిసినది. ఖర్చు లెక్కలు చూసే మనిషి రేపు ఏదో ఒకటి ఆపాలనుకుంటే ఎవరికీ తెలియని పేరు మీద గీత పెట్టడం తేలిక. రెవెల్ స్పీకర్లు వాడే మిత్రులు ట్వీటర్లు ఒక జత అదనంగా కొని పెట్టుకోవాలనుకుంటే దొరుకుతున్నప్పుడే కొనడం మంచిది.